ట్యాంకు మీద దువ్వెన గీతలు

అమ్మ సంవత్సరీకానికి పిలవడానికి కంచరపాలెంలో మా సింహాచలం బావ ఇంటికి వెళ్లాను. ఫోను చేసి చెప్పినా సరిపోయేది. అమ్మ విషయంలో ఆయన్ని ఫోనులో పిలిస్తే బాగుండదని మా ఆవిడ పట్టుబట్టింది. రైల్వే గేటు దాటి రెండు సందులు తిరిగితే ఆ ఇల్లు. నలభై ఏళ్లకు పైగా ఒకే ఊళ్లో ఉంటున్నాం గానీ ఆ గడప నేను తొక్కింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముందు గదిలో గోడ పొడుగునా అద్దాల బీరువా ఉంది. దాన్నిండా జానెడు పొడవు ప్లాస్టిక్కు ట్యాంకులు, పోయిన ప్రపంచ యుద్ధం నాటి జర్మను ట్యాంకుల నమూనాలు. చాలావాటి ఒంటి మీద దగ్గర దగ్గరగా సన్నటి గీతలున్నాయి, తడి సిమెంటు మీద ఎవరో ఓపిగ్గా దువ్వెన ఆనించినట్టు. అన్నీ బావ చేత్తో పెట్టినవే. ఉక్కు ఫ్యాక్టరీలో పోతపనికి చెక్క అచ్చులు చేసి రిటైరైన చేతులవి. "ఇప్పుడీ గీతలన్నీ రేకుల్లాగ అచ్చేసి అమ్ముతున్నార్రా రమణా. కత్తిరించి అంటించీడమే. నాకే ఎందుకో అది సయించదు" అన్నాడు. నేను వినడం లేదు. కింది అరలో ఒక మూల, మిగతావాటికంటే పాతగా, రంగు వెలిసిన ట్యాంకు ఒకటుంది. దాని కుడివైపు గీతలు సగం ఊడిపోయి లోపలి ప్లాస్టిక్కు కనిపిస్తోంది. ఆ కుడివైపు గీకింది నేనే. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు.

అప్పట్లో మేం మల్కాపురంలో ఉండేవాళ్లం. నాన్న పోర్టులో, ఇనపఖనిజం ఓడలకెక్కించే చోట పనిచేసేవాడు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు కూడా ఎర్రగా ఉండేవి. పెరట్లో రాతి మీద కూర్చుని అరగంటసేపు కాళ్లూ చేతులూ తోముకునేవాడు. ఆ నీళ్లు కాలవలో ఎర్రగా పోతుంటే అమ్మ ఆయన బట్టలు వేరే బకెట్లో నానబెట్టేది, మిగతా బట్టలకు ఆ రంగు అంటకుండా. గాలి ఇటు తిరిగితే ఆయిలు రిఫైనరీ వాసన ఇంట్లోకి వచ్చేది, అటు తిరిగితే ఎండబెట్టిన నెత్తళ్ల చేపల వాసన వచ్చేది. ఆ రెండూ లేనిరోజు మాకు ఏదో వెలితిగా ఉండేది. పొద్దున్నే రాగులతో కాచిన చోడంబలి, మధ్యాహ్నం అన్నం, నాన్న తిన్నాక మేం తినడం. నేనొక్కణ్ణే పిల్లాణ్ణి గనక నాన్న తిన్నాక మిగిలిన చేపల కూరలో తలకాయ నాది. అది ఎవరూ రాసిపెట్టిన హక్కు కాదు గానీ నేను హక్కనే అనుకున్నాను.

సింహాచలం బావ ఒక చిన్న రేకుపెట్టెతో మా ఇంటికి వచ్చిన రోజునే ఆ తలకాయ చేతులు మారింది. బావ మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద, అప్పటికే పదో తరగతి అయిపోయింది. మేనత్త పోయింది. ఆమె భర్త మళ్లీ పెళ్లి చేసుకుని ఖరగ్‌పూర్ వెళ్లిపోయాడు. బావను కంచరపాలెంలో ఉన్న వాళ్ల పెదనాన్న తీసుకెళ్తానన్నాడు, నాన్న ఒప్పుకోలేదు. "నా సెల్లి కొడుకు నా ఇంట్లోనే ఉంటాడు" అన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మ చేప తలకాయ తీసి బావ కంచంలో వేసింది. నేను చూశాను. అమ్మ నా వైపు తిరిగి, "తల్లి లేని గుంటడ్రా" అంది. నాకు తల్లి ఉండటమే నా తప్పయినట్టు వినిపించింది ఆ మాట. ఆ రోజు నుంచి నా లోపల ఒకడు కూర్చుని అన్నీ చూస్తూ ఉండేవాడు. ఎవరికి ముందు వడ్డించింది, ఎవరి చొక్కాకి గుండీ కుట్టింది, ఎవరి పేరు ముందు పిలిచింది. అసూయ అనే మాట మా ఇంట్లో ఎవరికీ తెలీదు, కుళ్లు అనేవారు. ఇంట్లో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. నేనే రోజుకు పదిసార్లు అనుకునేవాణ్ణి.

బావ మీద కోపం తెచ్చుకోవడానికి ఆయన ఒక్క అవకాశం కూడా ఇచ్చేవాడు కాదు. అది నాకు మరీ మంట. తెల్లారకుండానే లేచి నీళ్లు మోసేవాడు. తక్కువ మాట్లాడేవాడు. ఏ పని ముట్టుకున్నా వేళ్లు వాటంతటవే దారి చూసుకునేవి. అమ్మ స్టవ్వు వత్తి బిగించడం దగ్గర్నుంచి నాన్న గడియారం గాజు అతికించడం దాకా, అంతకుముందు నాన్న బయట ఎవరికో ఇచ్చే పనులన్నీ బావవే అయిపోయాయి.

ఒకరోజు నాన్న ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. ఖనిజానికి వచ్చే జపాను ఓడలో సెకండాఫీసరు ఒకాయనకు నాన్నంటే ఇష్టం. మీ ఇంట్లో పిల్లలెందరని సైగలతో అడిగాడట. నాన్న రెండు వేళ్లు చూపించాడట. ఆ మాట చెప్పి నాన్న నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. పెట్టె మీద ట్యాంకు బొమ్మ, లోపల చట్రాలకు అతుక్కుని వందల ముక్కలు, ఒక జిగురు గొట్టం, జపాను భాషలో కాయితం. "ఇద్దరూ కలిసి సెయ్యండి" అన్నాడు నాన్న. జిగురు నేను లాక్కున్నాను. చక్రాలు, గొలుసులు, తుపాకీ నా వంతు అన్నాను. బావ సరేనన్నాడు. నేను అంటించిన చోటల్లా జిగురు పొంగి, ప్లాస్టిక్కు కరిగి, నా వేలిముద్రలు పడ్డాయి. బావ ఏమీ అనకుండా వాటిని గరుకు కాయితంతో రుద్దేవాడు. పెట్టె మీది బొమ్మను మాత్రం గంటలకొద్దీ చూసేవాడు. "ఒరే, బొమ్మలో ట్యాంకు ఒళ్లంతా గీతలున్నాయి సూసేవా? మన ట్యాంకు నున్నగా ఉంది. ఏటో తేడా ఉంది" అనేవాడు.

మా వీధి చివర దానియేలు తాత ఉండేవాడు. యుద్ధంలో మిలటరీ లారీలు తోలి ఇటలీ దాకా వెళ్లొచ్చిన మనిషి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంటి ముందు కుర్చీ వేసుకుని, కోటు విప్పకుండా చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. బావ పెట్టె పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లాడు, వెనకాల నేను. తాత కళ్లజోడు సవరించుకుని బొమ్మ చూసి, "జర్మనోడి ట్యాంకురా ఇది. ఇటలీలో రోడ్డు పక్కన కాలిపోయినవి సూసేను. ఈ గీతలు సేత్తో తాకేను కూడాను" అన్నాడు.

"ఏటి తాతా అవి?" అన్నాడు బావ.

"సిమెంటులాటి ముద్దరా. అయస్కాంతం బాంబులని ఉండేవి. దగ్గరకొచ్చి ట్యాంకుకి ఆనించెత్తే ఇనపరేకుకి అతుక్కుని పేల్తాది. అయస్కాంతం ఇనుముకి తగలకుండా మజ్జిన ఈ ముద్ద పూసీవోరు. నున్నగా కాకుండా గీతలెట్టీవోరు, మరింక పట్టు దొరకదు."

"అయితే మీరా బాంబులు తెగ ఎట్టీవోరన్నమాట" అన్నాను నేను.

తాత నవ్వాడు. "మాకాడ ఆ బాంబులు ఎక్కడున్నాయిరా? అయ్యి ఆళ్లకాడే ఉండేవి. తమకాడ ఉన్నాయి గాబట్టి మాకాడా ఉంటాయని బయమేసి ఒళ్లంతా పూసీసుకున్నారు."

ఆ మరుసటి రోజు నుంచి బావకు అదే ధ్యాస. పోర్టులో రంగులేసేవాళ్లు రేకుల సొట్టలు పూడ్చడానికి వాడే లప్పం నాన్న కొంచెం తెచ్చిచ్చాడు. బావ దాన్ని ట్యాంకుకు పూసి, పుల్లతో గీతలు గీశాడు. పూత మందంగా వచ్చింది. మూడు రోజులకు ఎండి, నెర్రెలిచ్చి, పెచ్చులుగా ఊడింది. మళ్లీ గీకి, ప్లాస్టిక్కును గరుకు కాయితంతో రుద్ది, లప్పంలో టర్పెంటైను కలిపి పల్చగా పూశాడు. ఈసారి అతుక్కుంది. కానీ గీతలు పెట్టబోతే లప్పం పుల్లకు అంటుకుని లేచొచ్చేది. హాక్సా బ్లేడు ముక్కతో చూశాడు, అదీ అంతే. నాకు లోలోపల ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. బావకు రానిది ఒకటి దొరికింది. రోజూ బడి నుంచి రాగానే నేను అడిగే మొదటి మాట, "ఊడిందా బావా?" అన్నదే.

అది అమ్మ వల్ల కుదిరింది. ఆ రోజు వెనక వసారాలో అమ్మ గవ్వలు చేస్తోంది. గవ్వలకని విడిగా దాచుకున్న కొత్త దువ్వెన ఒకటి ఆమెకుండేది. చిన్న పిండి ఉండను దువ్వెన పళ్ల మీద పెట్టి బొటనవేలితో నొక్కి దొర్లిస్తే, వీపు మీద గీతలతో గవ్వ జారి పళ్లెంలో పడేది. పక్కనే కూర్చుని లప్పంతో కుస్తీ పడుతున్న బావ, తన పని ఆపి అమ్మ చేతుల్నే చూస్తున్నాడు.

"అత్తా, నీ పిండి దువ్వెనకి అంటుకోదేటి?"

"నూనె రాయాలి నాయనా. రాయకపోతే పట్టీసుకుంటాది. మరీ తడిగా ఉన్నప్పుడు నొక్కకూడదు, మరీ ఆరిపోనాకా నొక్కకూడదు. వేలికి తెలుస్తాది." అమ్మ చెయ్యి తుడుచుకుని, ఆయన బొటనవేలు పట్టుకుని లప్పం మీద ఆనించింది. "ఇదిగో, ఇంకొక్క గంట ఆగు. ఇప్పుడు మెత్తగా ఉంది."

గంట ఆగారు ఇద్దరూ. అమ్మ తన పేల దువ్వెన తెచ్చిచ్చింది. బావ అందులోంచి నాలుగు పళ్ల ముక్క కోసి, నూనె రాసి, లప్పం మీద ఆనించి తీశాడు. నాలుగు సన్నటి గీతలు, బొమ్మలో ఉన్నట్టే. పక్కన ఇంకో నాలుగు, దాని కింద ఇంకో నాలుగు. అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఓలమ్మో, అచ్చం నా గవ్వల్లాగే ఉన్నాదిరా సిమ్మాచలం!" అంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. వంటపని జరిగే చోటికి నేను వెళ్తే, మగాడివి నీకిక్కడేం పనని తరిమేది అమ్మ. బావను మాత్రం పది రోజుల పాటు పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరేది, బావ గీతలు నొక్కేవాడు. నూనె మరకలుంటే రంగు పట్టదని తన తలస్నానానికి తీసిన కుంకుడు రసం ఇచ్చి మెత్తటి గుడ్డతో కడిగించింది. నేను బడి నుంచి వచ్చేసరికి వాళ్ల నవ్వు వీధిలోకే వినిపించేది. నన్ను చూసి ఆపేసేవాళ్లు కాదు. ఆపేసి ఉంటే కనీసం దొంగతనంగా నవ్వుకుంటున్నారని అనుకునేవాణ్ణి.

ఓడరంగులు కలిపి ఇసుక పసుపు తెప్పించి, పైన సన్నగా మసి పూసేసరికి ఆ ట్యాంకు నిజంగా ఎక్కడో బురదలోంచి నడిచొచ్చినట్టు ఉంది. నాన్న దాన్ని కిటికీ పక్కన మేకు కొట్టిన చెక్క మీద పెట్టించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. "మా సిమ్మాచలం సేసేడు" అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు, చక్రాలు నేను అంటించానని చెప్తాడేమోనని చూశాను. రెండోసారి కూడా చూశాను. మూడోసారి నేనే అడ్డొచ్చి, "చక్రాలు నావి" అన్నాను. వచ్చిన మనిషి "ఆహా" అని మళ్లీ గీతలే చూశాడు. జపాను ఓడ మళ్లీ వచ్చే వారం వస్తోందనీ, ఆ ఆఫీసరుకు ట్యాంకు చూపిస్తాననీ, బావను కూడా లోపలికి తీసుకెళ్తాననీ నాన్న చెప్పింది ఆ సాయంత్రమే. నన్ను తీసుకెళ్తానని చెప్పలేదు. నాకు బడి ఉందట.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ, బావ కలిసి బజారుకు వెళ్లారు. నేను ట్యాంకును దించి ఒళ్లో పెట్టుకున్నాను. ఒక్క గీత, కనపడని చోట ఒక్కటంటే ఒక్కటి గీకుదామనే అనుకున్నాను. హాక్సా బ్లేడు ముక్క ఆనించి లాగాను. లప్పం పొట్టులా లేచింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్లలో ఉంది. తర్వాత నా చెయ్యి ఆగలేదు. కుడివైపు సగం దాకా పోయాక ఒళ్లో రాలిన పొడి చూసి భయపడ్డాను. పొడి దులిపేసి, గీకిన వైపు గోడకు తిప్పి, చెక్క మీద పెట్టేశాను.

మూడో రోజు పొద్దున అమ్మ కిటికీ దగ్గర బూజు దులుపుతూ ట్యాంకు జరిపింది. గీకిన వైపు చూసి కెవ్వుమంది. చీపురు తగిలి తన చేత్తోనే ఊడిందనుకుంది. ఏడుస్తూ బావను పిలిచింది. "నా సేతులు పడిపోనూ, నీ కట్టమంతా పాడుసేసీసేన్రా నాయనా" అంది. నేను కంచం ముందు కూర్చుని అంబలి తాగుతున్నాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్తే అయిపోయేది. తాగుతూనే ఉన్నాను. బావ ట్యాంకును వెలుతురులోకి తీసుకెళ్లి, కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. చీపురు గీతలకు, బ్లేడు గీతలకు తేడా తెలియని మనిషి కాదు. తల తిప్పి నా వైపు చూశాడు. ఎంతసేపో కాదు, ఒక్క గుటక మింగేంతసేపు. "పోన్లే అత్తా, మళ్లీ సేత్తాను. నువ్వేడవకు" అన్నాడు.

మళ్లీ చేసే వ్యవధి లేదు. ఓడ వచ్చేసింది. నాన్న ట్యాంకును అలాగే తువ్వాలులో చుట్టి, బావను తీసుకుని వెళ్లాడు. నేను బడిలో కూర్చుని, వాళ్లు తలలు వేలాడేసుకుని తిరిగొస్తారని రోజంతా ఎదురుచూశాను. సాయంత్రం ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. ఆఫీసరు మంచివైపు చూసి మెచ్చుకున్నాడట. ఊడినవైపు చూసి మాత్రం కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడట. నిజంగా యుద్ధంలో ఆ పూత సరిగ్గా ఇలాగే పెచ్చులు ఊడిపోయేదని పోర్టు గుమాస్తా చేత చెప్పించి, ఇది తెలిసి చేసిన పిల్లాడెవరని అడిగి, బావ ముందు నడుం వంచి నమస్కరించాడట. ఇంకో పెట్టె ఇచ్చాడు. ఈసారి ఒకరికే. నాన్న ఆ మాటలు చెప్తూ బావ భుజం మీద చెయ్యి వేశాడు. అంత కుళ్లు నేను జన్మలో ఎప్పుడూ పడలేదు. నేను పాడుచేసింది కూడా ఆయనకే అలంకారమైంది.

వారం తిరక్కుండా బావ తన రేకుపెట్టె సర్దుకున్నాడు. కంచరపాలెం నుంచి ఐటీఐ దగ్గరని, పెదనాన్న దగ్గర ఉంటానని నాన్నతో చెప్పాడు. రెండు ట్యాంకు పెట్టెలు తాడుతో కట్టుకుని బస్సెక్కాడు. అమ్మ బస్సు వెళ్లిపోయినా కొంగు నోట్లో పెట్టుకుని అక్కడే నిలబడింది. చేప తలకాయ మళ్లీ నా కంచంలోకి వచ్చింది. రుచి లేదు. ఆ తర్వాత ఎన్నేళ్లో, ఇంటికి చుట్టం వచ్చినప్పుడల్లా అమ్మ ఆ కథ చెప్పేది. "నా సీపురు తగిలి ఊడిపోనాది. గుంటడు మనసు కట్టపెట్టుకుని ఎల్లిపోనాడు" అనేది. చెప్పాక ఒకసారి నా వైపు చూసేది. నేను లేచి ఏదో పనున్నట్టు బయటికి వెళ్లేవాణ్ణి. నాకు ఉద్యోగం వచ్చాక, పెళ్లయ్యాక, నా పుస్తకాలు రెండు మూడు అచ్చయ్యాక కూడా అదే కథ, అదే చూపు. ఆమె పోయే ముందు నెల ఆసుపత్రిలో నర్సుకు కూడా చెప్పింది. అప్పుడూ నేను మందులు తేవాలని లేచాను.

ఇదంతా ఆ అద్దాల బీరువా ముందు నిలబడి ఉండగానే తిరిగొచ్చింది. బావ భార్య టీ పెట్టి లోపలికి వెళ్లింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆయన వైపు చూడకుండా, "బావా, ఆ కుడివైపు గీకింది నేను" అన్నాను.

"తెల్సురా" అన్నాడు. టీ ఊదుకుంటున్నాడు.

"అందుకేనా వెళ్లిపోయావు?"

"అందుకే. నాను మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నువ్వు ఒక్క రోజు సుకంగా తిన్లేదు. నాకు కళ్లు లేవేటి? అయినా కోపమొచ్చింది. సేన్నాళ్లు ఉండేది. అబద్దమెందుకు?"

"అమ్మ తనవల్లే అనుకుంది" అన్నాను. "చచ్చేదాకా అనుకుంది."

బావ కప్పు కింద పెట్టాడు. "అత్తకి తెల్సురా. నాను ఎల్లిపోయిన నెలకే గవ్వల డబ్బా అట్టుకుని ఇక్కడికొచ్చీసింది. నా సీపురు వల్లే ఎల్లిపోనావని ఏడిత్తే ఉండబట్టలేక సెప్పీసేను. కళ్లు తుడుసుకుంది. మరి లేచి, నాకు తెల్సిపోయిందని ఆడికి సెప్పకు, సిగ్గుతో సచ్చిపోతాడు, ఆడే ఒకనాడు నాకు సెప్తాడు అంది. నెలనెలా వచ్చేది. వచ్చినప్పుడల్లా అడిగీవోణ్ణి, సెప్పేడా అత్తా అని. ఇంకా లేదురా అనేది."

అమ్మ నెలకోసారి దుర్గాలమ్మ గుడికని ఒక్కతే బస్సెక్కి వెళ్లేది. నేను ఏనాడూ వెంట వెళ్తాననలేదు. తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు. సంవత్సరీకం తిథి చెప్పి, తప్పకుండా రమ్మని చెప్పి, మెట్లు దిగాను. బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపు రావాలి. అంతకాలం ఆమె నా నోటి నుంచి ఒక్క మాట కోసం ఎదురుచూసిందంటే, మనిషన్నవాడికి ఏడుపు రావాలి. నాకు ముందు వచ్చింది అది కాదు. నెలనెలా ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గవ్వలు తింటూ నా గురించి మాట్లాడుకున్నారు. నా తప్పు కూడా వాళ్లిద్దరి మధ్య ఒక రహస్యమైంది. నన్ను ప్రేమించడానికి కూడా అమ్మ ఆయన్నే తోడు పెట్టుకుంది. అరవై దాటిన నాకు, పద్నాలుగేళ్ల నాటి కడుపుమంట అంతకంతా తిరిగొచ్చింది.

సంవత్సరీకం రోజు బావ అందరికంటే ముందే వచ్చాడు. అడక్కుండానే పని అందుకున్నాడు. పంతులుగారు దర్భలు సర్దుకుంటూ, "అమ్మగారికి కొడుకులు ఎందరు బాబూ?" అని అడిగారు. వసారాలో విస్తళ్లు తుడుస్తున్న బావ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆయన ఏమీ ఆశించి ఆగలేదు, అది నాకు తెలుసు. రెండు వేళ్లు చూపించిన మనిషి కొడుకుని నేను. ఇద్దరమని చెప్తే పంతులుగారు కాదనరు, బంధువులెవరూ తప్పుపట్టరు, అమ్మ ఎక్కడున్నా సంతోషిస్తుంది.

"ఒక్కణ్ణే" అన్నాను.

బావ తడిగుడ్డ పిండి, తర్వాతి విస్తరి తుడవడం మొదలుపెట్టాడు.